దస్తీ పెట్టి గోడ తడిమి "ఇంకో కోటు" అంటున్నడు, నమ్మాల్నా?

పానగల్లు పోరడు
నల్లగొండల ఇల్లు కట్టుకుంటున్న. పైసలన్నీ గోడలకే పోతున్నయ్. హాలుల రెండు కోట్లు లప్పం అయిపోయింది, ఉప్పు కాగితం కొట్టుడు గూడ అయిపోయింది. కంటికి గోడ అద్దం లెక్కనే ఉంది. నిన్న పెయింటు మేస్త్రి వచ్చి జేబులకెళ్ళి దస్తీ తీసిండు. గోడ మీద పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, మెల్లగ అటు ఇటు జరిపిండు. కండ్లు గూడ మూసుకున్నడు. నాలుగు చోట్ల పెన్సిలుతోటి గుండ్రంగ గీసి "అన్నా, ఇక్కడ ఉబ్బున్నది, గిక్కడ గుంతున్నది, ఇంకో కోటు పడాలె" అన్నడు. ఆయన పోయినంక అవే నాలుగు చోట్ల నేను వట్టి చేత్తోటి తడిమిన. ఏం లేదు. మా ఇంటామె తడిమి "ఏమో, ఉన్నట్టే ఉంది" అన్నది. కోటుకు పద్దెనిమిది వేలు అడుగుతున్నడు. కంటికి కనబడంది, నా చేతికి తెల్వంది, ఆయన దస్తీకి ఎట్ల తెలిసింది? గిదేమన్న మంత్రమా, నన్ను ముంచుతున్నడా?

అడ్డం ప్రశ్న
ముంచుతున్నడు. అయిపోయింది, చర్చ మూసేయుండ్రి.

హాలియా బుల్లెట్
దస్తీ కొసకు నిమ్మకాయ గూడ కట్టిండా జర సూడు అన్నా.

రందా చారి
నవ్వుకోండ్రి. ముప్పై ఏండ్ల సంది దేవరకొండ దిక్కు టేకు తలుపులు చేస్తున్న. పాలిష్ ఎక్కకముందు పలకను కంటితోటి చూసి వదిలేసిన రోజు ఒక్కటి లేదు. రందా పట్టి, 220 నంబరు ఉప్పు కాగితం కొట్టినంక, మా నాయిన నేర్పినట్టు ఎడమ చెయ్యి పెట్టి చూస్త. కుడి చెయ్యి కాయలు గాసి ఉంటది, దానికి సగం కబురే వస్తది. పాత బనీను గుడ్డ అడ్డం పెట్టుడు నాకూ అలవాటే. కార్ల సొట్టలు తీసే షెడ్డుకు పోయి సూడు, పల్చటి నూలు గ్లౌజు తొడుక్కొని బానెట్ మీద చెయ్యి జరుపుతరు. పెయింటాయన చేసింది కొత్తేం గాదు. పద్దెనిమిది వేలు ఎక్కువనా తక్కువనా అనేది వేరే ముచ్చట.

అడ్డం ప్రశ్న
గుడ్డ అడ్డం పెడితే ఎక్కువ ఎట్ల తెలుస్తది కాకా? చెవుల దూది పెట్టుకుంటే పాట మంచిగ ఇనబడుతదా?

నరాల సారు
దూది పోలిక బాగుంది గని ఇక్కడ పనిచెయ్యది. పాలమూరుల నర్సింగు పిల్లలకు శరీరశాస్త్రం చెప్త, అందుకే నోరు ఊకుంటలేదు.

వట్టి చెయ్యి గోడ మీద జరిపితే రెండు సంగతులు ఒకేసారి అయితయ్. గోడ ఎత్తుపల్లాలకు చర్మం నొక్కుకుంటది, వదులైతది. అదే టైముల రాపిడికి చర్మం పక్కకు గుంజుకుంటది. ఈ గుంజుడు పెద్దది, ఎత్తుపల్లాల కబురు చిన్నది. లొల్లిల చిన్న మాట ఇనబడనట్టే మునిగిపోతది. నడిమిట్ల పల్చటి గుడ్డనో కాగితమో పెడితే అది చేతిని పట్టుకొని ఉండి గోడ మీద తానే జారుతది. గుంజుడు తగ్గుతది. ఎత్తుపల్లాలు మాత్రం గుడ్డ దాటి చేతికి వస్తయ్. పల్చటి కాగితం అడ్డం పెట్టుకుంటే సన్నటి ఉబ్బులు వట్టి వేలుకంటె బాగ తెలుస్తున్నయని 1975లనే నేచర్ అనే సైన్సు పత్రికల ప్రయోగం అచ్చయింది. గుంజుడు తగ్గుడే కారణమని ఆ తర్వాత చెప్పిన్రు.

అంటే చారి గారి బనీను గుడ్డకు సైన్సు తోడున్నది. ఆ మేస్త్రి నిజాయితీ సంగతి నాకు తెల్వదు.

రందా చారి
మా నాయినకు నేచర్ అంటే అడివి ఒక్కటే తెలుసు సారూ. గుడ్డ సంగతి మాత్రం తెలుసు.

పానగల్లు పోరడు
సరే సారూ, గుడ్డ సంగతి ఒప్పుకున్న. కాని అసలు గరుకు, నునుపు అనేది వేలుకు ఎట్ల తెలుస్తది? నా చేతికే రోగమా?

నరాల సారు
మనం "గరుకు" అని ఒక్క మాట అంటం గని లోపల రెండు దార్లున్నయ్. జర్మనీల డేవిడ్ కాట్జ్ అనే ఆయన 1925ల స్పర్శ మీద రాసిన పుస్తకంల ఈ సంగతి చెప్పిండు.

జొన్న రవ్వ లెక్క పెద్ద గింజలైతే, వేలు ఆనించి ఊకున్నా తెలుస్తది. ఒక్కో గింజ చర్మం మీద ఒక్కో చోట నొక్కుతది. ఆ చుక్కల పటాన్ని, చర్మంల నొక్కుడును పట్టే మెర్కెల్ కణాల కాడి నరాలు మెదడుకు మోసుకపోతయ్. మైదా లెక్క సన్నటిదైతే చుక్కలు మరీ దగ్గరకొస్తయ్, పటం అలుక్కపోతది. అప్పుడు వేలు జరపాల్సిందే. జరిపితే చర్మం వణుకుతది. ఆ వణుకును పట్టేటియి పసీనియన్ గుళికలు. మిల్లీమీటరు పొడుగుంటయ్, ఉల్లిగడ్డ లెక్క పొరలు పొరలు. సెకనుకు 200, 300 సార్లు వణికే దాన్ని మంచిగ పడుతయ్. రెండు దార్లు విడిపోయే గీత సుమారు మిల్లీమీటరుల పదో వంతు కాడ ఉంటది.

ఇంట్ల చేసి సూడుండ్రి. 400 నంబరు ఉప్పు కాగితం ముక్క, 600 నంబరు ముక్క పక్కపక్కన పెట్టి, కండ్లు మూసుకొని వేలు కదపకుంట ఆనించుండ్రి. ఏది ఏదో చెప్పుడు కష్టం. ఇంత జరుపుండ్రి, ఎంబడే తేలుతది. అదే ముతక కాగితాలు 60, 120 అయితే జరిపే పనే లేదు.

పాలమూరు పిల్ల
మా నాయనమ్మ రొట్టె పిండి సూసేది యాదికొచ్చింది. గిర్నీల పట్టిచ్చి తెచ్చినంక బొటనవేలు, చూపుడువేలు నడుమ చిటికెడు తీసుకొని రాస్తది. నొక్కదు, రాస్తది. "గరుకొచ్చింది, రొట్టె ఇరుగుతది, మళ్ళ పోయి పట్టియ్యి" అని నన్నే పంపేది. నాకైతే రెండు పిండ్లూ ఒక్కతీరే కొట్టేటియి.

నరాల సారు
అదే అదే. 1987ల లెడర్మన్, క్లాట్జ్కీ అని ఇద్దరు జనం చేతులు ఎట్ల కదులుతయో గమనించిన్రు. గరుకు అడిగితే పక్కకు రాస్తరు, గట్టితనం అడిగితే నొక్కుతరు, బరువు అడిగితే ఎత్తి ఊపుతరు, ఆకారం అడిగితే అంచు ఎంబడి వేలు పోనిస్తరు. ఎవ్వరూ నేర్పలే. నాయనమ్మకూ నేర్పలే.

అడ్డం ప్రశ్న
నాయనమ్మ కరెక్టేనని ఎవరు తేల్చిన్రు? రొట్టె ఇరిగితే పిండి తప్పు, ఇరగకుంటె వేలి గొప్ప. ఇది పరీచ్చ గాదు.

పాలమూరు పిల్ల
నువ్వొచ్చి చెప్పు ఆమెకు. ఆరేడు రొట్టెలు తిన్నంక చెప్పు, లేకపోతే పెట్టది.

మునుగోడు తెల్లబంగారం
ఈ చెయ్యి పెట్టి సూసుడు గురించి నా కడుపుమంట ఇనుండ్రి. నిరుడు డిసెంబరుల పత్తి బండి కట్టుకొని పొద్దుగాల అయిదింటికే మిల్లు కాడ లైను పెట్టిన. కొనేటాయన పత్తిల చెయ్యి పెట్టి "తేమున్నది, పద్నాలుగు ఉంటది" అన్నడు. మిషను పెట్టు అంటె పెట్టడు. సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ లెక్కల తేమ 8 శాతముంటె పూర మద్దతు ధర, 12 దాటితే కొననే కొనరు. మూడు ఎండలు ఆరబోసిన పత్తి అది. మధ్యాహ్నం దాక బండి కదపకుంట కూసున్న. రెండింటికి అదే ఆయన అదే పత్తిల చెయ్యి పెట్టి "ఆఁ, ఇప్పుడు జర నయం" అన్నడు. అప్పుడు మిషను పెట్టిస్తే 10 సూపిచ్చింది. ఎండల బండి మీదనే పత్తి అంత ఆరుతదా?

నరాల సారు
పొద్దున మిషను పెట్టలేదు గాబట్టి అప్పుడెంత ఉండెనో మనకు తెల్వదు, పై పొర కొంత ఆరి గూడ ఉంటది. కాని చెయ్యి మోసపోయే జాగ సరిగ్గ ఇదే. మన చర్మంల తడిని పట్టే నరం అనేది లేనే లేదు. పురుగుల్ల కొన్నిటికి ఉంది, మనకు లేదు. చల్లదనం, మెత్తగ ఆనుడు, జారుడు, అంటుకునుడు, వీటన్నిటినీ కలిపి మెదడే "తడి" అని లెక్క గడుతది. చలికాలం తెల్లారిగట్ల దండెం మీది బట్టలు ఆరినయో లేదో తెల్వక చెంపకు ఆనించుకుంటం సూడుండ్రి, అదే తిప్పలు. చల్లటి పొడి బట్ట గూడ తడి లెక్క కొడుతది. అయిదింటికి మీ పత్తి చల్లగ ఉంది, రెండింటికి ఎచ్చగ ఉంది.

మునుగోడు తెల్లబంగారం
ఇంతకాలం ఆయన చెయ్యి చెడ్డదనుకున్న. చలి గూడ కలిసిందన్నట్టు.

అడ్డం ప్రశ్న
ఆయన చెయ్యి కూడా చెడ్డదే. రెండూ కావచ్చు.

గద్వాల జరీ అంచు
చీరల దుకాణం మాది, మూడో తరం. చేతి గొప్పలు చెప్పుకునేటోళ్ళు మా దగ్గరికి రోజూ వస్తారు. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒకే చీర మీద చెయ్యి జరుపుతుంటే నూలు దగ్గర చెయ్యి పట్టుకున్నట్టు, పట్టు దగ్గరికి రాగానే జారిపోయినట్టు ఉంటుంది. ఆ రెండూ కలిసే కుట్టు మీద గోరు పెట్టి లాగితే "టిక్" మంటుంది. కొనేవాళ్ళలో నూటికి తొంభై మంది అరచెయ్యి పెట్టి చూస్తారు, నేను గోరు పెట్టి చూస్తాను.

ఇంకో సంగతి. పట్టు కొంగును చెవి దగ్గర పెట్టి గుప్పిట్లో నలిపితే గరగరమని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినిపించి చేతికిస్తే "ఎంత బాగుందో" అంటారు. రోడ్డు మీద డప్పులు మోగుతున్న రోజు అదే చీర "ఏమో మామూలుగానే ఉంది" అంటారు. మా తాత కాలం నుంచీ పెళ్ళి ఊరేగింపు పోయేదాకా పట్టు చీర విప్పేవాళ్ళం కాదు.

హాలియా బుల్లెట్
చీరలు అమ్మేది చెవికా? మా అమ్మకు చెప్పాలె.

నరాల సారు
చెవికి గూడ. 1998ల ఒక ప్రయోగం చేసిన్రు. మనిషి రెండు అరచేతులు రాసుకుంటుంటే ఆ చప్పుడును మైకుల పట్టి, కీచు భాగాన్ని పెంచి అదే టైముల చెవులకు ఇనిపిచ్చిన్రు. "నా చేతులు ఎండిపోయి కాగితం లెక్క అయినయ్" అన్నరు. చేతులకు ఏం కాలే, చప్పుడే మారింది. గద్వాల అన్న తాత ఊరేగింపు పోయేదాక ఆగుడుల సంగతి ఉంది.

కోయిలకొండ కురుమ
పట్టు గురించి అందరు చెప్తరు, గొంగడి గురించి ఎవ్వడు చెప్పడు. మా ఇంట్ల ఇప్పటికీ నాయిన గొంగడే కప్పుకుంటడు. దక్కని గొర్రె బొచ్చు అది, నేసినంక చింతగింజల అంబలి పెట్టి గట్టి పరుస్తరు. వాన గూడ ఎంబడే దిగది. పట్నంల పెరిగిన మా చెల్లె కొడుకు ఒక రాత్రి కప్పుకొని మెడంత ఎర్రగ జేసుకున్నడు, "మామా, దీన్ల చీమలున్నయ్" అని ఏడ్చిండు. నా ప్రశ్న ఏందంటే, వాడు పడుకునేముందు చేత్తోటి ఎంతసేపు నిమిరిండో! అప్పుడు బాగనే ఉందన్నడు. చేతికి లేని చీమలు మెడకు ఎక్కడికెళ్ళి వచ్చినయ్?

నరాల సారు
మస్తు మంచి ప్రశ్న. ఆ గుచ్చుకునుడు గరుకును పట్టే నరాల పని గాదు, నొప్పిని పట్టే నరాల పని. బొచ్చు పోగు 30 మైక్రాన్లకంటె, అంటే మిల్లీమీటరుల నూరో వంతులు మూడింటికంటె లావుగుంటె, దాని కొస వంగకుంట చర్మంల పొడుస్తది. సన్నటిదైతే వంగిపోతది. దక్కని గొర్రె బొచ్చు ముతకది గాబట్టి పొడిచే కొసలు ఎక్కువ. వేళ్ళ కొసల మీద, అరచేతి మీద తోలు మందం, అక్కడ పొడవనియ్యది. మెడ మీద, ముంజేతి లోపలి దిక్కు పల్చన. ఉన్ని ఏదన్న కొనేటప్పుడు చేత్తోటి గాదు, ముంజేతికో మెడకో రాసి సూడాలె.

కోయిలకొండ కురుమ
మా నాయిన మెడ అరవై ఏండ్ల సంది అరిగిపోయింది, ఆయనకు మెత్తగనే ఉంటది.

చుక్కల పంతులు
ఇంతమంది చెయ్యి గురించి మాట్లాడుతుంటే నేనెందుకు ఊరుకోవాలి. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. పిల్లలకు బ్రెయిలీ నేర్పుతాను. ఈ పోస్టులన్నీ ఫోను చదివి వినిపిస్తోంది, "లప్పం" అన్న మాటను అది పలికే తీరు మీరు వినాలి.

బ్రెయిలీలో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, ఎత్తు అర మిల్లీమీటరు. రెండు సూది మొనలు రెండుగానే తెలియడానికి వేలి కొసన రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం చాలు, వీపు మీదైతే నాలుగు సెంటీమీటర్లయినా కావాలి. లూయీ బ్రెయిలీ 1824లో కుర్రవాడిగా ఉన్నప్పుడే ఆరు చుక్కలను ఒక్క వేలి కొస కింద ఇమిడేట్టు కూర్చాడు. మన భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ 1951లో ఖాయమైంది.

సారు చెప్పిన జరపడం సంగతి మా దగ్గర రోజూ కనిపిస్తుంది. కొత్త పిల్లలు అక్షరం దొరకగానే వేలు ఆపేసి గట్టిగా నొక్కుతారు. నొక్కితే చుక్కలు కరిగిపోయినట్టవుతుంది, అక్షరం పోతుంది. "ఒత్తకు, జారనియ్యి" అని వంద సార్లు చెప్పాలి. వేసవిలో చెమట పడితే వేలు కాగితానికి అంటుకుంటుంది, అప్పుడు ఇంత పౌడరు రాసుకోమంటాను. పెయింటు మేస్త్రి దస్తీకీ నా పౌడరు డబ్బాకీ తేడా లేదనిపిస్తోంది.

ఇంకొకటి, మా వాళ్ళకు దేవుడు వేళ్ళలో వేరే కన్ను పెట్టాడనకండి. పరీక్షలు పెడితే చూపు లేనివాళ్ళ వేళ్ళ కొసలు పదునుగానే తేలాయి, పెదవులు మాత్రం అందరిలాగే ఉన్నాయి. వాడిన చోట పదునెక్కింది, అంతే. ఇప్పుడు అద్దం ఫోన్లు వచ్చాక మా పిల్లలు కూడా బ్రెయిలీ తగ్గించి చెవుల మీదే నడుస్తున్నారు, అది నా బాధ.

రందా చారి
"ఒత్తకు, జారనియ్యి." పంతులు గారూ, మా నాయిన గిదే మాట రందా గురించి చెప్పేటోడు.

పాలమూరు పిల్ల
పానగల్లు అన్న భార్యకు "ఉన్నట్టే ఉంది" అని తెలిసింది గదా, అన్నకు తెల్వలే. ఆడోళ్ళ వేళ్ళు పదునుంటయని 2009ల తేలింది.

హాలియా బుల్లెట్
ఆడోళ్ళకు మొగుని జేబుల చెయ్యి పెట్టినా నోటు ఎంతదో తెలుస్తది, దానికి 2009 దాక ఆగాల్నా?

నరాల సారు
2009ల తేలింది ఆడ, మగ అని గాదు, వేలి కొస సైజు. చిన్న వేలుకు పదును ఎక్కువ. నరాల కొసలు చిన్న జాగల దగ్గర దగ్గరగ ఉంటయని వాళ్ళ అనుమానం. ఆడోళ్ళ వేళ్ళు సగటున చిన్నయి గాబట్టి వాళ్ళు ముందున్నరు. అంతే సైజు వేలున్న మొగాయనకు అంతే పదును.

అడ్డం ప్రశ్న
మేస్త్రి వేలు ఎంత లావుందో ఎవ్వడన్న అడిగిన్రా? లప్పం, సున్నం, సిమెంటుతోటి వాళ్ళ వేలిముద్రలే అరిగిపోతయ్. మా గల్లీల తాపీ మేస్త్రికి రేషను దుకాణంల ముద్ర పడక మూడుసార్లు తిరిగిండు. ముద్రలు లేనోనికి సన్నటిది ఎట్ల తెలుస్తది?

నరాల సారు
ముద్రల గీతలు వణుకును పెంచుతయని 2009ల పారిస్‌ల కృత్రిమ వేలు చేసి సూపిచ్చిన్రు. నిజం వేలికి అదెంత పనికొస్తదో ఇంకా వాదులాట నడుస్తనే ఉంది. కాని ఒకటి గుర్తుంచుకో: గోడ మీది ఉబ్బుకు గీతల పని లేదు. అది గరుకు గాదు, వంపు.

పాలమూరు పిల్ల
సారూ, నాకు ఒక తిరకాసు. 2013ల స్టాక్‌హోంల ప్రయోగంల వేలికి 13 నానోమీటర్ల ఎత్తు ముడుతలు గూడ నునుపు పలకకంటె తేడాగ తెలిసినయన్నరు. ఎంట్రుక మందంతోటి సూస్తే అది కొన్ని వేల వంతులల్ల ఒక వంతు. అంత సన్నటిది తెలిసే చేతికి గోడ ఉబ్బు తెల్వకపోవుడేంది?

నరాల సారు
ఆ ముడుతలు దగ్గర దగ్గరగ, వరసగ ఉంటయ్. వేలు జారితే రాపిడి మారుతది, తేడా వస్తది. గోడ మీది ఉబ్బు జానెడు వెడల్పుంటది, ఎత్తు అర మిల్లీమీటరు. దాని మీద వేలు పోతుంటె వణుకు రాదు, పటం రాదు. సాగర్ రోడ్డు మీద గుంత వస్తే బండి మీదున్నోనికి ఎంబడే తెలుస్తది. మెల్లగ ఎక్కే మిట్ట సైకిలు తొక్కేటోనికే తెలుస్తది. అందుకే మేస్త్రి వేలి కొస గాదు, మొత్తం అరచెయ్యి ఆనించిండు, మెల్లగ జరిపిండు, గుంజుడు తీసేసిండు. చెయ్యి పైకి లేస్తున్నదా దిగుతున్నదా అనేది కీళ్ళు, కండరాలు గూడ చెప్తయ్.

దేవరకొండ సిస్టరమ్మ
పోస్టు పెట్టిన తమ్మునికి ఒక మాట. వయసెంత? షుగరుందా?

పానగల్లు పోరడు
నలబై ఆరు. షుగరు ఏడేండ్ల సంది ఉంది అక్కా. అందుకేనా తెల్వలేదు?

దేవరకొండ సిస్టరమ్మ
అందుకే అని నేను చెప్ప. షుగరుతోటి స్పర్శ పోవుడు పాదాల కాడ మొదలైతది, చానామందికి కింద కెళ్ళి పైకి ఎక్కినంకనే చేతుల సంగతి. వేళ్ళ కొసల తిమ్మిర్లు, మంటలు లేకుంటె గోడ ఉబ్బు తెల్వకపోవుడు షుగరు మీద పెట్టకు. కాని పాదాలు సూపిచ్చుకున్నవా? 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగుతోటి అరికాలు మీద పొడిచి సూస్తరు, 128 హెర్ట్జ్ శృతిదండం మోగిచ్చి కాలి బొటనవేలి ఎముక మీద పెడుతరు. అయిదు నిమిషాల పని. చెప్పుల రాయి ఉన్నా తెల్వక పుండు చేసుకొని వచ్చేటోళ్ళను వారానికి ఒకర్నన్న సూస్త.

పానగల్లు పోరడు
సూపిచ్చుకోలే. సోమారం పోత.

అడ్డం ప్రశ్న
పాదాల ముచ్చట అయినంక గోడ కాడికి రాండ్రి. పరీచ్చ నేను చెప్త. మేస్త్రి గీసిన నాలుగు గుండ్రాల దూరాలు టేపు పెట్టి కొలిచి రాసుకో, ఫొటో తియ్యి. పెన్సిలు గీతలు తుడిచెయ్యి. రెండు రోజులాగి ఏం చెప్పకుంట మళ్ళ పిలువు. కండ్లకు గుడ్డ కట్టి మళ్ళ గుర్తు పెట్టమను. అవే జాగలు చెప్పిండా, చేతికి తెలుస్తున్నట్టు. వేరే చెప్పిండా, పద్దెనిమిది వేలకు దండం. రాత్రి లైట్లు ఆర్పి టార్చి గోడకు ఆనించి అడ్డంగ కొట్టు, ఉబ్బుంటె నీడ పడుతది.

రందా చారి
టార్చి మాట బాగుంది. పలక మీద నేనూ గట్లనే చూస్త. అడ్డం ప్రశ్నకు పనికొచ్చే మాట గూడ వస్తదన్నట్టు.

పానగల్లు పోరడు
(నాలుగు రోజుల తర్వాత) చేసిన. మేస్త్రిని పిలిచి "గోడ మళ్ళొకసారి సూడు అన్నా, నేను తుడిచిన" అన్న. కండ్లకు గుడ్డ అంటె నవ్విండు గని కట్టుకున్నడు. జేబుల దస్తీ లేదు, మా ఇంటామె పాత చున్నీ ముక్క ఇచ్చింది. దాన్ని వేళ్ళ నడుమ నలిపి "గిది వద్దు వదినా, పాలిస్టరు, మరీ జారుతది" అన్నడు. నూలు దస్తీ ఇచ్చినం.

నాలుగు జాగలు చెప్పిండు. పాతయి మూడు, జానెడు లోపలనే. ఒకటి తప్పిండు. ఒకటి కొత్తది చెప్పిండు, స్విచ్చు బోర్డు పక్కన. రాత్రి కరెంటు బంద్ చేసి టార్చి గోడకు ఆనించి కొట్టిన. ఆ మూడు జాగలల్ల నీడలు పడ్డయ్, స్విచ్చు బోర్డు పక్కన గూడ పడ్డది, అదే అన్నిటికంటె పెద్దది. తప్పిన నాలుగోదాంట్ల ఏం లేదు.

అసలు ముచ్చట ఇంకోటి. పోయేముందు నా చెయ్యి పట్టుకొని దస్తీ మీద పెట్టిండు, దాని మీద ఆయన చెయ్యి. "ఒత్తకన్నా" అన్నడు. నేను ఒత్తుతున్ననని నాకు తెల్వనే తెల్వదు. చెయ్యి బరువు ఆయనే మోసుకొని మెల్లగ జరిపిండు. స్విచ్చు బోర్డు దాటంగనే నడిమి వేలు ఇంత లేసింది. ఇంకోసారి. మళ్ళ లేసింది. తర్వాత నేనొక్కన్నే చేస్తే నాలుగుసార్లల్ల రెండుసార్లు దొరికింది.

చుక్కల పంతులు
ఇంకో పది రోజులు నా దగ్గర కూర్చుంటే నాలుగుకు నాలుగు.

అడ్డం ప్రశ్న
మూడు కరెక్టు, ఒకటి తప్పు, ఒకటి ముందు ఇడిచిపెట్టింది. మంత్రం గాదు, మోసం గూడ గాదు. ఒప్పుకున్న. కాని నాలుగు ఉబ్బులకు గోడంత కోటు ఎందుకు? అక్కడక్కడ రాయిస్తే సాలు గదా.

పానగల్లు పోరడు
గదే అడిగిన. అతుకులు పెడితే రంగు పడ్డంక తేడా కనబడుతదన్నడు. చివరికి హాలుల ఆ ఒక్క గోడకే కోటు, మిగతాయి ఉప్పు కాగితం. అయిదు వేలకు తెగింది.

అడ్డం ప్రశ్న
అంటె పదమూడు వేలు నేను మిగిలిచ్చిన. గృహప్రవేశానికి పిలువు.

హాలియా బుల్లెట్
వచ్చినోళ్ళందరు గోడలు తడుముకుంట కూసుంటరు, కట్నాలు చదివిచ్చేటోడు ఉండడు.

కొల్లాపూర్ మామిడి
ఆలస్యంగ వచ్చిన. లప్పం ఏ కంపెనీది అన్నా?

నరాల సారు
కంపెనీల లొల్లి వేరే చర్చల పెట్టుకోండ్రి, ఇది మంచిగ నడిచింది. సోమారం పాదాలు సూపిచ్చుకున్నవా పానగల్లు తమ్మీ?

పానగల్లు పోరడు
సూపిచ్చుకున్న సారూ. పోగు పొడిచినప్పుడల్ల తెలిసింది, శృతిదండం ఎడమ కాలికి జర తక్కువ తెలిసింది. మూడు నెలలకు మళ్ళ రమ్మన్నరు. ఇంకో ముచ్చట, మొదటి రోజు దస్తీ దొరికింది, నిచ్చెన మీద మర్చిపోయిండట. తెల్లగ లప్పం పొడి పట్టి ఉంది. ఉతికి ఇయ్యాల్నా, అట్లనే ఇయ్యాల్నా?

రందా చారి
ఉతకకు. ఆ పొడి ఉంటెనే జారుతది.